పెరటి కలువ తొట్టి – దోమల పుట్టిల్లు కాకూడదంటే

మొన్న వానాకాలంలో తెలిసినవారి ఇంటికి వెళ్ళాను. పిల్లవాడికి నాలుగు రోజులుగా జ్వరం. కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా విరగబడినట్లు బాధ. పరీక్షలో డెంగీ అని తేలింది. "మా ఇల్లు అద్దంలా ఉంటుందండీ! మురుగుకాలువ కూడా దగ్గరలో లేదు" అన్నదా తల్లి. నేను పెరట్లోకి వెళ్ళి చూశాను. సిమెంటు గాబులో రెండు కలువలు అందంగా పూచి ఉన్నాయి. ఆకుల సందున వేలెడు నీటిలో తోకపురుగులు బిలబిలలాడుతున్నాయి!

ఇందులో ఆ ఇల్లాలి తప్పు లేదు. దోమ అంటే మురికినీటి జీవి అని మనలో చాలామంది నమ్మకం. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ విషయంలో అది నిజమే. కాని డెంగీని మోసే ఏడిస్ దోమకు ఇంట్లో నిలవ ఉన్న మంచినీరే ఇష్టం. పట్టణాలలో మలేరియా తెచ్చే ఒక రకం అనాఫిలిస్ కూడా బావులలో, తొట్లలో, మేడమీది ట్యాంకులలో పెరుగుతుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

అయితే కలువ తొట్టి పెట్టుకోకూడదా? పెట్టుకోవచ్చు. జాగ్రత్తలు తెలిస్తే చాలు.

చేపలు ఎందుకు వద్దు?

"రెండు చేపలు వదిలితే సరిపోదా?" అని అడుగుతారు. దోమ పిల్లలను తింటాయని గంబూజియా చేపలను మన దేశానికి 1928లోనే తెచ్చారు. అవి దోమ పిల్లలతోబాటు కప్ప పిల్లలను, తూనీగ పిల్లలను కూడా తినేస్తాయి. పైగా చిన్న తొట్టిలో నీరు ఎండకు వేడెక్కి చేపలు చనిపోతాయి. వాటి మలంతో నీరు పచ్చబడుతుంది. చేపలు లేని తొట్టిలో తూనీగలు గుడ్లు పెడతాయి. తూనీగ పిల్ల నీటిలో పెరిగినన్నాళ్ళూ దోమ పిల్లలను వేటాడుతూనే ఉంటుంది. వెల్లకిలా ఈదే నీటిపురుగులు కూడా అదే పని చేస్తాయి.

ఏర్పాటు ఇలా

రెండున్నర, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న గాబు చాలు. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. చెట్టు కింద పెడితే ఆకులు రాలి నీరు కుళ్ళుతుంది. అడుగున అయిదారు అంగుళాల బంకమట్టి వేసి కలువ దుంప నాటి, పైన అంగుళం మందాన ఇసుక పరచండి. పేడ ఎరువు ఎక్కువ వేయకండి, పాచి పడుతుంది. కుళాయి నీరయితే ఒక రోజు బిందెలో ఉంచి పోయడం మంచిది. కప్పలు ఎక్కి దిగడానికి ఒక రాయి వాలుగా పెట్టండి.

మొదటి రెండు మూడు వారాలు నీరు ఆకుపచ్చగా మారుతుంది. కంగారుపడి నీరంతా పారబోయకండి. ఆకులు సగానికి పైగా కప్పుకుంటే అదే తేరుకుంటుంది. అంతరతామర, గుర్రపుడెక్క మాత్రం వేయవద్దు. మాన్సోనియా అనే దోమ పిల్లలు వాటి వేళ్ళను పట్టుకుని గాలి పీల్చుకుంటాయి, నీటిపైకి రావు గనుక మన కంటికి కనిపించవు.

వారానికి పావుగంట

గుడ్డు దోమ కావడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అందుకే వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి.

1. నీరు పోయకముందే తొట్టి అంచు లోపలివైపు కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దండి. ఇది ముఖ్యం. ఏడిస్ దోమ గుడ్లను నీటిలో కాదు, నీటి గీతకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. మనం నీరు నింపగానే తడిసి పొదుగుతాయి. రుద్దిన పీచును వేడినీటిలో ముంచండి.

2. రెండు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. నీడ పడితే తోకపురుగులు అడుగుకు పోతాయి. మళ్ళీ గాలికి పైకి రాక తప్పదు. అప్పుడు టీ వడకట్టే జాలితో తీసి ఎండు నేలమీద వేయండి.

3. పండుటాకులు, వాడిన పూలు తీసి, తగ్గినంత నీరు పోయండి.

కొత్త తొట్టికి తూనీగల కంటే ముందు దోమలే వస్తాయి. మొదటి నెలలో బి.టి.ఐ. అనే మందు వాడుకోవచ్చు. 1976లో కనుగొన్న ఒక సూక్ష్మజీవితో తయారయిన ఈ మందు దోమ పిల్లలను చంపుతుంది, కప్పలకు, తూనీగలకు హాని చేయదు. డబ్బా మీది మోతాదు మించకండి. కిరోసిన్ మాత్రం పోయకండి. దానితో దోమతోబాటు దాని శత్రువులూ చస్తాయి.

కామాలా వంకర తిరిగిన గుళ్ళపురుగులు కనిపిస్తే అవి ఒకటి రెండు రోజుల్లో దోమలవుతాయని అర్థం. అవి మేత తినవు గనుక బి.టి.ఐ. పని చేయదు. వరుసగా రెండు వారాలు అవి కనిపిస్తే మొహమాటం లేకుండా తొట్టి వంచి, నీటిని ఎండు నేలకు పోసి, గాబు రుద్ది ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. తొట్టితోబాటు కుండీల కింది పళ్ళాలు, కూలరు, ఫ్రిజ్ వెనుక ట్రే, మనీప్లాంట్ సీసా కూడా చూడండి. చాలాసార్లు అసలు దొంగ అక్కడే ఉంటుంది.

ఇంకొక హెచ్చరిక

తప్పటడుగులు వేసే పిల్లకు జానెడు నీరు కూడా ప్రమాదమే. తలకిందులుగా పడితే లేవలేదు, అరవలేదు. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో తొట్టి మీద గట్టి ఇనుప జాలి బిగించవలసిందే. కలువ ఆకులు దాని సందుల్లోనుంచి పైకి వస్తాయి.

జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ బిళ్ళలు రక్తస్రావానికి దారితీయవచ్చు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే గండం గడిచిందనుకోకండి. అసలు ప్రమాదం అప్పుడే. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఆ పిల్లవాడు కోలుకున్నాడు. గాబు ఇప్పటికీ ఆ పెరట్లోనే ఉంది. ప్రతి ఆదివారం పీచు పట్టుకుని అంచు రుద్దేది ఇప్పుడు వాడే! వారానికి పావుగంట కేటాయించగలిగితే కలువలు పెంచండి. తీరిక లేనివారికి కుండీలో బంతిమొక్కే మేలు.