మీకు తెలుసా? చచ్చిన బాక్టీరియా కూడా మేతకు అడ్డమే

బ్రాయిలర్ కోడి పెంపకంలో దాదాపు మూడింట రెండు వంతుల ఖర్చు దాణాదే. ధర్మపురి, సేలం, నామక్కల్ పట్టీలో కంపెనీ పిల్లల్నీ దాణానూ ఇచ్చే కాంట్రాక్టు షెడ్లలోనూ లెక్క చివరికి ఎఫ్‌సీఆర్ దగ్గరికే వస్తుంది. అంటే కిలో బరువు పెరగడానికి కోడి ఎన్ని కిలోల మేత తిన్నదని. రైతు చేతికొచ్చే డబ్బు దాన్నిబట్టే ఉంటుంది. మరి తిన్నదంతా ఒంటికి ఎందుకు పట్టదు?

కోడి పేగుకు అంటుకుని ఉండే అంధనాళాల్లో గ్రాము పదార్థానికి వెయ్యి కోట్లకు పైనే బాక్టీరియా ఉంటాయి. అవి పుడుతూ చస్తూ ఉంటాయి. చచ్చినవాటి గోడలు మాత్రం అంత తేలిగ్గా కరగవు. ఆ గోడ పేరు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటిగా పేనుకున్న పొడుగు పోగులు, వాటిని అడ్డంగా కలిపే పొట్టి అమినో ఆమ్లాల గొలుసులు: అచ్చం నులక మంచం అల్లికే. ఆ గొలుసుల్లో కొన్ని అమినో ఆమ్లాలు మామూలు ప్రొటీన్లలో ఉండేవాటికి అద్దంలో ప్రతిబింబాల్లా తిరగబడి ఉంటాయి. అందుకే ప్రొటీన్లను అరిగించే ఎంజైములకు అవి సులువుగా లొంగవు. ఈ ముక్కలు పేగులో పేరుకుంటే పోషకాల జీర్ణానికి, శోషణకు అడ్డొస్తాయని శాస్త్రవేత్తల అంచనా.

దీనికి విరుగుడుగా వచ్చిన దాణా ఎంజైము మ్యురమిడేజ్. అల్లికలోని పొడుగు పోగును రెండు చక్కెరల మధ్య కోస్తుంది. దాణాలో కలిపే రకాన్ని ఒక బూజు జాతి జన్యువు సాయంతో తయారు చేస్తారు. బ్రాయిలర్లకు వాడే ఈ ఎంజైమును యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో పరిశీలించింది.

ఈ కోత విద్య కోడికి కొత్తేమీ కాదు. గుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్లలో నూటికి మూడు నాలుగు పాళ్లు లైసోజైమే. అదీ ఈ కోవ ఎంజైమే. లోపల పెరిగే పిల్లను బాక్టీరియా నుంచి కాపాడేవాటిలో అదొకటి. దాన్ని 1922లో లోకానికి చెప్పింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్ కనిపెట్టడానికి ఆరేళ్ల ముందు. మొదట దొరికింది జలుబు చేసిన మనిషి ముక్కు చీమిడిలో! పెన్సిలిన్ దెబ్బ కూడా ఆ గోడ మీదే, కాకపోతే అది కొత్త గోడ కట్టనివ్వదు. 1965లో లండన్‌లో ఎక్స్‌రేలతో అణువుల అమరిక తేల్చిన మొట్టమొదటి ఎంజైము కోడిగుడ్డు లైసోజైమే.

దాణాలో కలిపే ఫైటేజ్, జైలనేజ్ ఎంజైములు వేరు, మ్యురమిడేజ్ వేరు. ఫైటేజ్ మొక్కజొన్న, సోయాల్లో బందీగా ఉన్న భాస్వరాన్ని విడిపిస్తుంది. జైలనేజ్ గింజల పీచును విరుస్తుంది. మ్యురమిడేజ్ పని మేత మీద కాదు, పేగులోని చెత్త మీద.

ఇది మందూ కాదు. దాణాలో వేసే మోతాదులో దీని పని బాక్టీరియాను చంపడం కాదు. రోగమొస్తే దీని మీద ఆధారపడకూడదు. అలాగని బరువు కోసం యాంటీబయాటిక్ కలిపే పాత అలవాటూ పనికిరాదు. మనుషుల ప్రాణాలు నిలిపే యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా మన దేశం 2019 జులైలోనే నిషేధించింది.

దాణా బస్తా మీద ‘ఎంజైములు’ అన్న ఒక్క మాట చూసి సరిపెట్టుకోకండి. ఏ ఎంజైము, ఎంత మోతాదు, గుళికలు చేసేటప్పటి వేడికి తట్టుకుంటుందా అని అడగండి. అనుమానముంటే నామక్కల్ పశువైద్య కళాశాల నిపుణులను సంప్రదించండి.