పోటీ ప్రహేళికలలో నైపుణ్యం: గళ్ళ నుడికట్టు, సమస్యాపూరణం – ఒక పరిశీలన

కీలక పదాలు: ప్రహేళిక, గళ్ళ నుడికట్టు, సమస్యాపూరణం, నైపుణ్యం, యాదృచ్ఛికత, బహుమతి పోటీలు

ప్రహేళికను సాధించి బహుమతి పొందినవాడు తెలివితో గెలిచాడా, అదృష్టంతో గెలిచాడా అన్నది సాహిత్యానికీ న్యాయశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. అక్షరాలు, పదాలు, అంకెల కూర్పుతో ఏర్పడే ప్రహేళికలకు బహుమతులిచ్చే పోటీలన్నిటినీ 1955 నాటి బహుమతి పోటీల చట్టం ఒకే నిర్వచనం కిందికి తెచ్చింది. నెలకు మొత్తం బహుమతుల విలువ 1,000 రూపాయలు, ఒక పోటీకి వచ్చే ఎంట్రీలు 2,000 మించరాదని నియమించింది. పోటీల నిర్వాహకుడైన ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా దీనిని సవాలు చేయగా, నిర్వచనం ఎంత విస్తృతంగా ఉన్నా చట్టం జూద స్వభావం గల పోటీలకే వర్తిస్తుందని, గెలుపు గణనీయంగా నైపుణ్యంపై ఆధారపడే పోటీలకు వర్తించదని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. దశాబ్దం తరువాత సికింద్రాబాద్ క్లబ్బు కేసులో, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, దేనిని ఉంచుకోవాలో దేనిని వదలాలో నిర్ణయించడం అవసరమని చెబుతూ రమ్మీని కూడా ప్రధానంగా నైపుణ్య క్రీడగానే ఆ న్యాయస్థానం పరిగణించింది.

అయితే ఒక ప్రహేళికలో నైపుణ్యం ఎక్కడ ఉందో గుర్తించాలంటే దాని నిర్మాణాన్ని పరిశీలించక తప్పదు.

‘కష్టకాలంలో మనిషికి తోడు నిలిచేది: – నం’ అనే ఆధారాన్ని ఊహించుకోవచ్చు. ఖాళీలో ధనం, జనం, జ్ఞానం, మౌనం – ఏది పెట్టినా వాక్యం చెడదు. నిర్వాహకుడు ముందుగా కవరులో మూసి ఉంచిన జవాబు ‘జనం’ అయితే, ‘జ్ఞానం’ అని రాసినవాడు తెలివి తక్కువవాడని చెప్పడానికి ఆధారం లేదు. ఇక్కడ భాషాజ్ఞానం నాలుగు పదాల వరకే తీసుకువెళుతుంది. ఆపై మిగిలేది పందెమే. ఇలాంటి ఆధారాలు పది ఉన్నాయనుకుంటే సాధ్యమైన కూర్పులు లక్షలలోకి చేరతాయి. అందుకే ఒకే వ్యక్తి రుసుము చెల్లించి పలు ఎంట్రీలు పంపడం లాభసాటిగా తోస్తుంది. ఎక్కువ ఎంట్రీలు పంపితే గెలుపు అవకాశం పెరిగే ప్రహేళికను నైపుణ్య పోటీ అనడం కష్టం.

దీనికి భిన్నమైనది గూఢమైన ఆధారం. ‘సముద్రం తల కోల్పోయి వేడెక్కింది (2)’ అన్నప్పుడు పూరకుడు ముందు ‘సాగరం’ అనే పర్యాయపదాన్ని పట్టుకోవాలి. తొలి అక్షరం తీసివేస్తే ‘గరం’ మిగులుతుంది, ‘వేడి’ అనే అర్థం దానిని ధ్రువపరుస్తుంది. రెండు దారులూ ఒకే పదం దగ్గర కలుస్తాయి కనుక మూసిన కవరు అవసరమే లేదు. తెలుగు గడిలో మరొక సౌలభ్యం ఉంది. ఒక్కొక్క గడిలో గుణింతంతో, ఒత్తుతో కూడిన పూర్తి అక్షరం నిలుస్తుంది. అడ్డం, నిలువు పదాలు కలిసే ఒక్క గడి ‘జ్ఞా’ అని తేలితే చాలు, పై ఉదాహరణలోని ‘జనం’, ‘ధనం’ ఒక్కసారిగా తప్పుకుంటాయి. కాబట్టి గడుల కూడలిని సమృద్ధిగా అమర్చిన నుడికట్టులో అస్పష్టమైన ఆధారం కూడా నిర్ణేయమవుతుంది. కూడలి లేని ఖాళీల పోటీలో ఆ రక్షణ ఉండదు.

ఒకే సమాధానం ఉంటే నైపుణ్యం, అనేకం ఉంటే అదృష్టం అని దీనినుండి సూత్రీకరించడానికి వీలులేదు. అందుకు ప్రబలమైన ప్రతివాదం సమస్యాపూరణం. పృచ్ఛకుడు అసంగతంగానో అశ్లీలంగానో తోచే పాదాన్ని ఇస్తాడు. పూర్వపాదం చివర ఒకటి రెండు అక్షరాలు చేర్చి పదవిభాగాన్ని మార్చడం, క్రమాలంకారాన్ని ఆశ్రయించడం, పురాణసందర్భాన్ని తెచ్చి అర్థాన్ని తిప్పడం వంటి మార్గాలెన్నో పూరకునికి ఉన్నాయి. ఇరవైమంది ఇరవై రకాలుగా పూరించినా అన్నీ సరైనవే కావచ్చు. అయినా ఇందులో పందెం లేదు. గణాలు, యతి, ప్రాస ఎవరైనా సరిచూడగలిగేవి. విరోధం పరిహారమయిందా లేదా అన్నది సభకు తెలుస్తూనే ఉంటుంది. అవధాని పలకబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు నిషేధించే నిషిద్ధాక్షరిలోనైతే ముందే సిద్ధమైన జవాబుకు అవకాశమే లేదు. తారతమ్యం ఎంచేటప్పుడు మాత్రం చమత్కారం విషయంలో నిర్ణేత అభిరుచి ప్రవేశిస్తుంది. అభిరుచి వివాదాస్పదమే గాని, యాదృచ్ఛికం కాదు.

నైపుణ్యాన్ని నిర్ణయించేది, అందువల్ల, సమాధానాల సంఖ్య కాదు. పూరకుడు హేతువుతో చేరగలిగే చోటే సమాధానం ఉందా, దానిని పరీక్షించే ప్రమాణం ముందుగా అందరికీ తెలుసా అన్నవే గీటురాళ్ళు.

ఈ భేదాన్ని చట్టం ఎల్లవేళలా పాటించదు. 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, గెలుపు ఆశతో డబ్బు చెల్లించి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండానే నిషేధించింది. రుసుము లేని పత్రికా ప్రహేళికల సంగతి వేరు. అయితే వాటిలోనూ ఒక చిక్కు సాధారణంగా గమనింపుకు రాదు. సరైన సమాధానాలు ఎక్కువగా వచ్చినప్పుడు చీటీలు తీసి విజేతను ఎంపిక చేయడం పరిపాటి. నుడికట్టు ఎంత నిర్దుష్టమైనదైనా చివరి అంచెలో బహుమతిని నిర్ణయించేది చీటీయే. మరింత కఠినమైన మరొక ఆధారాన్ని అదనంగా ఇవ్వడం, లేదా బహుమతిని అందరికీ పంచి పేర్లన్నీ ప్రచురించడం ఇందుకు ప్రత్యామ్నాయాలు. రెండవది ఖర్చుతో కూడినదేమీ కాదు. చాలామంది పూరకులకు నగదుకన్నా అచ్చులో తమ పేరు చూసుకోవడమే ముఖ్యం.