ఎనభయ్యో ఏటికి సరిపడే ఊరు

ఉద్యోగ విరమణ తర్వాత స్థిరపడే ఊరిని ఎంచుకునేటప్పుడు చాలామంది అరవయ్యో ఏట తమకున్న ఓపికనే కొలతగా తీసుకుంటారు గాని, అక్కడ గడపవలసిన కాలంలో ఎక్కువ భాగం డెబ్బై దాటాకే ఉంటుందన్న సంగతిని లెక్కలోకి తీసుకోరు.

అలా మనసుకు నచ్చే ఊళ్లలో మదనపల్లె ఒకటి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల రాయలసీమలోని అనేక పట్టణాల కంటే ఇక్కడ ఎండ తీవ్రత తక్కువ. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఆధారంగా నడిచిన శానిటోరియం, అంటే రోగులు నెలల తరబడి ఉండి కోలుకునే చికిత్సాలయం, పట్టణం పక్కనే ఆరోగ్యవరంలో వెలసింది. సమీపంలోని హార్సిలీ కొండలకు ఆ పేరు వచ్చింది కూడా 19వ శతాబ్దంలో అక్కడ వేసవి విడిది కట్టుకున్న కడప కలెక్టరు వల్లనే.

అయితే వాతావరణం ఒక్కటే వృద్ధాప్యాన్ని గట్టెక్కించలేదు. మదనపల్లె రోడ్డు రైల్వేస్టేషను పట్టణంలో లేదు. పాకాల–ధర్మవరం మార్గంలో సీటీఎం అనే ఊరి వద్ద ఉంది కాబట్టి, అర్ధరాత్రి రైలు దిగిన వృద్ధ దంపతులు సామానుతో మళ్లీ బండి వెతుక్కోవలసిందే. పెద్ద వైద్యం కావలసివస్తే తిరుపతికో బెంగళూరుకో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. తిరుపతి దారిలో భాకరాపేట ఘాట్ కూడా ఉంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే, అదీ స్కానింగ్‌లో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. అందువల్ల ఏ ఊరి విషయంలోనైనా ఆసుపత్రి ఉందా అని అడిగితే చాలదు. రాత్రి రెండు గంటలకు స్కాన్ తీసి ఆ మందు ఎక్కించగల వైద్యులు ఎంత దూరంలో ఉన్నారో అడగాలి.

అలాగని పెద్ద నగరాన్ని ఎంచుకున్నా చిక్కులు ఉంటాయి. విశాఖపట్నంలో పెద్దాసుపత్రులు, విమానాశ్రయం ఉన్నా ఉక్కపోత తప్పదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. లిఫ్టు ఆగిన అపార్టుమెంటులో, పై అంతస్తున, మోకాళ్ల నొప్పులున్నవారి పరిస్థితి ఏమిటో ఇల్లు కొనే ముందే ఆలోచించాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మాత్రం దంపతులు నోట రానివ్వరు: ఇద్దరిలో ఒకరు ముందుగా వెళ్లిపోతే, మిగిలినవారు ఆ ఊళ్లో ఒంటరిగా బతకగలరా? కారు నడపడం, బ్యాంకు పనులు చూడడం భర్తకే వదిలేసిన ఇంట్లో భార్యకు నడిచివెళ్లే దూరంలో మందుల దుకాణం, పలకరించే ఇరుగుపొరుగు లేకపోతే ఎంత అందమైన ఊరైనా చెరసాలే అవుతుంది. కనుక పాత ఇంటిని అమ్మకుండా, కొత్త ఊళ్లో మే నెల ఎండలూ వర్షాకాలమూ కలిసివచ్చేలా ఒక ఏడాది అద్దెకు ఉండి, ఇద్దరూ విడివిడిగా అన్ని పనులూ చేసుకోగలమని తేల్చుకున్నాకే స్థలానికి బయానా ఇవ్వాలి.