మేడను ఊపి చూసే బల్ల

కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తాం కదండీ! మరి భూకంపానికి మేడ ఆగుతుందో లేదో ఎలా చూడాలి? చిన్న నమూనా చేసి ఊపితే చాలదు. కొలత తగ్గిస్తే బరువూ, బలమూ ఒకే లెక్కన తగ్గవు మరి.

అందుకే అమెరికాలో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఆరుబయట ఓ పెద్ద ఉక్కు బల్ల అమర్చారు. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. 2004లో పని మొదలెట్టింది. నూనె ఒత్తిడితో నడిచే యంత్రాలు దాన్ని కుదుపుతాయి. ఆ తాకిడి తట్టుకోవడానికి కింద బ్రహ్మాండమైన కాంక్రీటు దిమ్మ పోశారు. పైకప్పు లేదు గనుక మేడ ఎత్తుకు అడ్డులేదు. 2023లో పదంతస్తుల కొయ్య మేడనే ఊపి చూశారు!

2012లో అయిదంతస్తుల మేడ కట్టి, ఆపరేషన్ గది, లిఫ్టుతో సహా ఊపారు. ఎందుకంటారా? 1994లో లాస్ ఏంజిలెస్ భూకంపానికి ఓ ఆసుపత్రి కట్టడం నిలిచింది గానీ, లోపల నీటి గొట్టాలు పగిలి రోగుల్ని తరలించాల్సొచ్చింది.

చూశారా, గోడ నిలిస్తే చాలదు, సామానూ నిలవాలి. బీరువాను గోడకు బిగించండి. మంచానికి పైన అటక మీద బరువులుంటే ఇవాళే దించేయండి.