పది రెట్ల జూమ్: ఎంత దగ్గర? ఎంత నిజం?

మీరు చెరువు గట్టున నిలబడి ఉన్నారనుకోండి. ఇరవై మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద ఒక లకుముకి పిట్ట కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే తుర్రుమంటుంది. ఉన్నచోటి నుంచే కెమెరా ఎత్తి ఫొటో తీస్తే ఆకాశంలో ఒక నీలి చుక్క మాత్రమే పడుతుంది. జూమ్ మీట తిప్పితే పిట్ట ఎదురుగా వచ్చి వాలినట్టు కనిపిస్తుంది. పిట్ట రాలేదు, మీరూ కదలలేదు. మరి జరిగిందేమిటి? ఆ ఫొటోలో కనిపించే ప్రతి ఈకా నిజంగా కెమెరా చూసిందేనా?

దీనికి జవాబు వెతకడానికి నేటి ఫోన్ల కన్నా పాతికేళ్ల నాటి డిజిటల్ కెమెరా మంచి గురువు. ఫోను సగం పని మనకు తెలియకుండా లోలోపల చేసేస్తుంది. పాత కెమెరాలో అంతా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు.

ఫిలిం స్థానంలో సిలికాన్

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సి.సి.డి. అనే సిలికాన్ సాధనాన్ని రూపొందించారు. 2009లో దానికే వారికి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఇలాంటి సి.సి.డి.తోనే ఒక డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అందులో బొమ్మకు 100 వరసలు, వరసకు 100 బిందువులు. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది.

1997లో సోనీ మావికా ఎఫ్.డి.7 కెమెరా పది రెట్ల జూమ్‌తో వచ్చింది. బొమ్మల్ని కంప్యూటర్ ఫ్లాపీ మీదే దాచేది. అయితే బొమ్మ పరిమాణం 640×480 బిందువులే. 2000లో వచ్చిన ఒలింపస్ సి-2100 అల్ట్రా జూమ్‌లో బొమ్మ 1600×1200కు పెరిగింది. మన లెక్కలకు ఈ కెమెరానే తీసుకుందాం.

సి.సి.డి. పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. వాన కురుస్తున్నప్పుడు పెరట్లో వరసలుగా బక్కెట్లు పెట్టారనుకోండి. ఎక్కడ వాన ఎక్కువ పడితే అక్కడి బక్కెట్లో నీళ్లు ఎక్కువ. సి.సి.డి.లో వాన చినుకులు కాంతి కణాలు, నీళ్లు ఎలక్ట్రాన్లు, ఒక్కో బక్కెట్టు ఒక్కో పిక్సెల్. వాన ఆగాక మనుషులు చేతులు మార్చుకుంటూ నీళ్లు అందించినట్టు, ఒక్కో పిక్సెల్‌లోని విద్యుదావేశం పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి కదిలి చివరకు కొలతకు చేరుతుంది. ఆ కొలతలే అంకెలు. ఆ అంకెల పట్టికే మన ఫొటో.

నాభ్యంతరం చేసే పని

దూరపు వస్తువు ప్రతిబింబం ఎంత పెద్దగా పడాలో నిర్ణయించేది కటకం నాభ్యంతరం. నాభ్యంతరం పది రెట్లయితే ప్రతిబింబమూ పది రెట్లవుతుంది. మన కెమెరాలో ఇది 7 మిల్లీమీటర్ల నుంచి 70 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. పది రెట్ల జూమ్ అంటే ఇదే.

అయితే ప్రకటనల్లో 38-380 అని రాసేవారు. అదెలా? పాత ఫిలిం చట్రం 36×24 మిల్లీమీటర్లు, దాని కర్ణం 43 మిల్లీమీటర్ల పైచిలుకు. ఈ సి.సి.డి. సుమారు 6.4×4.8 మిల్లీమీటర్లు, దాని కర్ణం 8 మిల్లీమీటర్లు. ఫిలిం కన్నా 5.4 రెట్లు చిన్నది. కాబట్టి 70 మిల్లీమీటర్ల కటకం ఇక్కడ, ఫిలిం కెమెరాలో 380 మిల్లీమీటర్ల కటకం చూపినంత మేరనే చూపుతుంది. మూరెడు గొట్టం మెడలో వేలాడదీసుకునే పని తప్పింది.

ఇప్పుడు పిట్ట సంగతి చూద్దాం. 6.4ను 70తో భాగించి, దూరమైన 20 మీటర్లతో గుణించండి. సుమారు 1.83 మీటర్లు వస్తుంది. అంటే పూర్తి జూమ్‌లో చట్రం వెడల్పున పట్టేది అంత మేర. దాన్ని 1600 పిక్సెళ్లు పంచుకుంటాయి, అంటే పిక్సెల్‌కు 1.1 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో కనిపించే తెల్లగొంతు లకుముకి పొడవు 28 సెంటీమీటర్లు. కనుక పిట్టకు దక్కేవి 245 పిక్సెళ్లు. జూమ్ లేకుండా తీస్తే 24 మాత్రమే. అందుకే అది చుక్కగా మిగిలింది.

చంద్రుడికి 158 పిక్సెళ్లు

ఇదే లెక్కను చంద్రుడి దాకా తీసుకెళ్లవచ్చు. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. 70 మిల్లీమీటర్ల కటకం వెనుక చంద్రబింబం 0.63 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆవగింజలో సగం. ఒక్కో పిక్సెల్ 0.004 మిల్లీమీటర్లు కాబట్టి బింబం అడ్డంగా 158 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. ఒక్కో పిక్సెల్‌లో చంద్రుడి మీది 22 కిలోమీటర్లు ఇమిడిపోతాయి. సుమారు 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలానికి నాలుగు పిక్సెళ్లు దక్కుతాయి. మరక కనిపిస్తుంది, గోడలు కనిపించవు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. బింబాన్ని ఇంకా పెద్దది చేయాలని మీట అలాగే నొక్కి పట్టుకుంటే చాలా కెమెరాలు ‘డిజిటల్ జూమ్’లోకి జారిపోతాయి. అప్పుడు కటకం కదలదు. రెండు రెట్ల డిజిటల్ జూమ్ అంటే బొమ్మ నడిమి 800×600 భాగాన్ని కత్తిరించి, దాన్ని 1600×1200కు సాగదీయడం. సాగదీసిన బొమ్మలో నాలుగింట మూడు వంతుల పిక్సెళ్లు కాంతిని కొలిచినవి కావు, పక్కవాటి విలువల నుంచి ఊహించి నింపినవి. చంద్రుడు పెద్దగా కనిపిస్తాడు, కోపర్నికస్ మాత్రం ఆ నాలుగు పిక్సెళ్ల సమాచారం దగ్గరే ఆగిపోతుంది.

నేటి కొన్ని ఫోన్లు మరో అడుగు ముందుకు వేశాయి. వేలాది ఫొటోలతో శిక్షణ పొందిన ప్రోగ్రాము, అక్కడ ఏముండవచ్చో ఊహించి వివరాలు అద్దుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మీరు ఒక అరుదైన పక్షిని చూశానని ఆ ఫొటోను సాక్ష్యంగా చూపితే? ఆ రెక్క మీది చార పక్షిదా, ప్రోగ్రాముదా? సైన్సులో పరిశీలనకు విలువ వచ్చేది కొలిచినదేదో, ఊహించినదేదో విడిగా చెప్పగలిగినప్పుడే. కాబట్టి పరిశీలన కోసం ఫొటో తీస్తుంటే డిజిటల్ జూమ్‌ను మెనూలో ఆపివేయండి. పెద్దది చేసి చూడటం తర్వాత కంప్యూటర్లోనూ చేసుకోవచ్చు.

చేయి వణుకు, వెలుతురు కొరత

పూర్తి జూమ్‌లో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 12 ఆర్క్ సెకండ్ల కోణాన్ని చూస్తుంది. మన కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 60 ఆర్క్ సెకండ్లు. కెమెరా చూపు కంటి కన్నా ఐదు రెట్లు పదును. ఐతే చేయి వణికినా అదే పదునుతో నమోదవుతుంది. షట్టరు తెరిచి ఉన్నంతలో కెమెరా 12 ఆర్క్ సెకండ్లు ఒరిగితే చాలు, బొమ్మ పక్క పిక్సెల్‌లోకి అలుక్కుపోతుంది.

ఫొటోగ్రాఫర్లు పాటించే ఒక సూత్రం ఉంది: ఫిలిం లెక్కలో నాభ్యంతరం 380 అయితే షట్టరు వేగం సెకండులో 380వ వంతుకు తగ్గకూడదు. సి-2100 లాంటి కెమెరాల్లో ఒరుగుడును పసిగట్టే చిన్న గైరో సాధనాలు ఉంటాయి. అవి చెప్పినదాన్ని బట్టి కటకంలో ఒక భాగం వ్యతిరేక దిశలో కదిలి బింబాన్ని స్థిరంగా ఉంచుతుంది. దీని సాయంతో సెకండులో 100వ వంతు దాకా చేతితో నెట్టుకురావచ్చు. పిట్ట తల తిప్పితే మాత్రం గైరో ఏమీ చేయలేదు.

ఇక వెలుతురు. కాంతి కణాలు వాన చినుకుల్లాగే క్రమం లేకుండా పడతాయి. ఒక పిక్సెల్‌లో 10,000 కణాలు నమోదైతే సహజమైన హెచ్చుతగ్గు దాని వర్గమూలం 100, అంటే ఒక శాతం. 100 కణాలే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. సాయంత్రం తీసిన ఫొటోల్లో ఇసుక చల్లినట్టు కనిపించే నలతకు ఇదొక ముఖ్య కారణం. చిన్న సి.సి.డి.లో బక్కెట్లు చిన్నవి కాబట్టి ఈ బాధ ఎక్కువ.

చివరిది, చోటు కొరత. 19,20,000 పిక్సెళ్లకు మూడేసి బైట్ల చొప్పున 57.6 లక్షల బైట్లు కావాలి. ఈ కెమెరాతో ఇచ్చిన కార్డు 8 మెగాబైట్లదే. కుదించకుండా దాస్తే ఒక్క ఫొటోతో సరి! జెపెగ్ పద్ధతి 8×8 పిక్సెళ్ల గడులుగా బొమ్మను విడదీసి, కన్ను అంతగా గుర్తించని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. దీనికి ఆధారమైన గణితాన్ని బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి 1974లో ప్రచురించారు. కానీ మరీ కుదిస్తే ముందుగా పోయేవి ఈకల అంచులే. పరిశీలనకు ఎప్పుడూ నాణ్యత ఎక్కువున్న అమరికనే ఎంచుకోండి.

మీరు చేసి చూడండి

అటక మీద ఇలాంటి పాత కెమెరా ఉంటే దించండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కెమెరాను కంటికి హత్తుకుని పట్టుకోండి. మీటను సగం నొక్కి ఫోకస్ కుదిరాక మిగతా సగం నొక్కండి. కంటి దగ్గరి చిన్న తెర దృశ్యాన్ని కాస్త ఆలస్యంగా చూపుతుంది. తెరలో పిట్ట ఉన్నా తీగ మీద ఉండకపోవచ్చు! మధ్యాహ్నపు ఎండలో వేడిగాలి దూరపు దృశ్యాన్ని అలల్లా ఆడిస్తుంది కనుక ఉదయం వేళలే మేలు. గూడు మీద పక్షి ఉంటే జూమ్ ఉంది కదా అని దగ్గరికి పోకండి. బెదిరిన తల్లి వదిలి వెళితే గుడ్లు ఎండకు పాడవుతాయి.

సూర్యుడి వైపు మాత్రం కెమెరాను ఎన్నడూ తిప్పకండి. భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు జూమ్ కటకం లోపలి భాగాలను కాల్చగలదు. కటకం గుండా నేరుగా చూసే కెమెరా అయితే పోయేది మీ కన్నే.

పున్నమి కన్నా అష్టమి నాటి చంద్రుణ్ణి తీయండి. వెలుగు నీడల సరిహద్దులో బిలాల నీడలు పొడవుగా పడి స్పష్టంగా తెలుస్తాయి. నల్లని ఆకాశాన్ని చూసి కెమెరా మోసపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గించుకోండి.

తర్వాత గురుగ్రహం. అది బాగా దగ్గరగా ఉన్నప్పుడు కూడా నాలుగు పిక్సెళ్ల చుక్కే. కానీ కెమెరాను స్టాండు మీద బిగించి, సెల్ఫ్ టైమరు పెట్టి, సెకండు పాటు షట్టరు తెరిచి చూడండి. పక్కనే ఒకే వరసలో మూడో నాలుగో చిన్న చుక్కలు పడతాయి. మర్నాడు తీయండి, వాటి స్థానాలు మారి ఉంటాయి. 1610లో గెలీలియో దూరదర్శినితో చూసి కాగితం మీద గీసుకున్న ఉపగ్రహాలు అవే. వరసగా వారం రోజులు తీసి, ఒక్కో చుక్క గురుడి నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉందో నోటు పుస్తకంలో రాయండి. ఆ అంకెలు ఎవరూ ఊహించి నింపినవి కావు, మీరు కొలిచినవి.