గట్టిదనం ఖరీదెంత?

వస్తువు కొనేటప్పుడు కంటికి కనిపించేది ధర ఒక్కటే. అది ఎన్నేళ్లు మన్నుతుంది, ఎప్పుడు మొరాయిస్తుంది, మొరాయించిన రోజున ఎవరు బాగుచేస్తారు అన్న లెక్కలన్నీ దుకాణం గడప దాటిన తరువాతే మొదలవుతాయి. కారైనా, ఫ్రిజ్ అయినా, బోరు మోటారైనా ధర ఎక్కువైతే గట్టిది, తక్కువైతే నాసిరకం అన్న సూత్రాన్నే చాలా కుటుంబాలు నమ్ముకుంటాయి. ఆ సూత్రంలో కొంత నిజం లేకపోలేదు గానీ, వస్తువు ఆగిపోయిన రోజున ఇంటికి గానీ పనికి గానీ వాటిల్లే నష్టం ఎంత అన్న ప్రశ్న అందులో ఎక్కడా రాదు. గట్టిదనం కోసం అదనంగా ఎంత పెట్టవచ్చో తేల్చేది ఆ నష్టమే.

ఇంజనీర్లు విశ్వసనీయతను రెండు కొలతలుగా విడదీస్తారు. ఒక చెడిపోవడానికీ మరొక చెడిపోవడానికీ మధ్య సగటున గడిచే కాలం మొదటిది. చెడిన తరువాత మళ్లీ నడిచే స్థితికి రావడానికి పట్టే కాలం రెండవది. మొత్తం కాలంలో యంత్రం పనికి సిద్ధంగా ఉన్న భాగాన్ని ‘లభ్యత’ అంటారు. ఆరు నెలలకోసారి చెడినా ఒక్కరోజులో బాగయ్యే యంత్రం ఏడాదికి రెండు రోజులు పనికి దూరమవుతుంది. మూడేళ్లకోసారే చెడినా విడిభాగం కోసం పన్నెండు రోజులు ఎదురుచూడవలసి వచ్చే యంత్రం సగటున ఏడాదికి నాలుగు రోజులు దూరమవుతుంది. పైగా ఆ పన్నెండు రోజులూ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

అలా ఒక్కసారిగా వచ్చి పడడమంటే ఏమిటో తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో బోరు కింద సాగుచేసే రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వరి పొట్ట దశలో ఉండగా మోటారు కాలిపోతే, కొత్త మోటారు ధరకన్నా పైరుకు తడి అందని రోజులే పెద్ద ఖర్చు. వందల అడుగుల లోతు నుంచి పైపులతో సహా మోటారును పైకి తీయించి, పట్నానికి చేర్చి, వైండింగ్ చుట్టించి, తిరిగి దింపేసరికి కూలీ, రవాణా ఖర్చులు తడిసి మోపెడవుతాయి. అందుకే మోటారు కొనేవారు అంతర్జాతీయ పేరున్న కంపెనీ ఏదన్న ప్రశ్నకన్నా, లోపలిది రాగి తీగా అల్యూమినియమా, చుట్టేవాడు దగ్గర్లో ఉన్నాడా అన్న విచారణకే ఎక్కువ సమయం పెడతారు.

మోటారు కాలడానికి కారణాలు ఎక్కువగా మోటారులో కాక సరఫరాలో ఉంటాయి. బోర్లలో వాడే ఇండక్షన్ మోటారు, వోల్టేజీ తగ్గినప్పుడు అదే బరువును లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. తీగల్లో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ప్రతి పది డిగ్రీల సెల్సియస్ అదనపు వేడికి ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది విద్యుత్ ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మిగిలిన రెండింటిమీదే నడవబోయి వేడెక్కుతుంది. దీనికితోడు కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నింటినీ ఒక్క క్షణంలో లేపుతాయి గనుక, రైతుకు సౌకర్యంగా కనిపించే ఈ పరికరమే వోల్టేజీని కుంగదీసి మోటార్ల ప్రాణం మీదికి తెస్తుంది.

ఇటువంటి పరిస్థితిలో స్థానికంగా తయారైన, లావుపాటి తీగతో చుట్టిన మోటార్లకు గిరాకీ ఏర్పడడం సహజం. అవి కరెంటు ఎక్కువ తింటాయి గానీ, తక్కువ వోల్టేజీని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత కెపాసిటరు, ఐఎస్ఐ గుర్తున్న మోటారు, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు వంటివి అమర్చుకోవాలన్న షరతులు వచ్చాయి. అయితే యూనిట్‌కు చెల్లించవలసింది ఏమీ లేనప్పుడు పొదుపు చేసే మోటారుకు అదనంగా డబ్బు పెట్టడానికి రైతుకు కారణం కనబడదు. కాలకుండా నిలిచే మోటారుకు పెట్టడానికి మాత్రం పైరంత కారణం ఉంది. విధాన నిర్ణేతలు దీన్ని అవగాహన లోపంగా చిత్రించడం పరిపాటి. రైతు లెక్క సరిగానే ఉంది, ఆ లెక్కలో తేడా రాష్ట్ర ఖజానా మీద పడుతోందంతే.

అదే కుటుంబం ఇంట్లోకి సీలింగ్ ఫ్యాను కొనేటప్పుడు లెక్క తలకిందులవుతుంది. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బ్రష్ లేని డీసీ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు సరిపోతాయి. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే ఆదా 162 యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలు కట్టే ఇంట్లో ఇది ఏటా 972 రూపాయలు కాగా, రెండు రూపాయల దరిదాపు శ్లాబులో ఉన్న ఇంట్లో 324 రూపాయలే. ధరలో తేడా 1500 రూపాయలనుకుంటే మొదటి ఇంటికి అది ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది, రెండవ ఇంటికి అయిదేళ్లు కావస్తుంది. ఈలోగా పాత ఫ్యాను మందగిస్తే కొద్దిపాటి ఖర్చుతో కండెన్సర్ మార్చి వీధి చివరి ఎలక్ట్రీషియనే తిప్పేస్తాడు. కొత్త ఫ్యానులో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే కంపెనీ సర్వీసు సెంటరే దిక్కు. వారంటీ అయిదేళ్లుంటే సరి, రెండేళ్లే అయితే పేద ఇంటికి ఆ ఫ్యాను లాభసాటి బేరమని చెప్పడం తొందరపాటే.

వారంటీలను చదవడం ఒక విద్య. యంత్రాల వైఫల్యాలను కాలక్రమంలో గీస్తే వచ్చే గీతను ‘స్నానపు తొట్టె వక్రరేఖ’ అంటారు: తయారీలోపాల వల్ల మొదటి నెలల్లో వైఫల్యాలు ఎక్కువ, తరువాత చాలాకాలం తక్కువ, చివర అరుగుదల వల్ల మళ్లీ ఎక్కువ. తొలి అంచును సాధారణ వారంటీయే కాపాడుతుంది. అదనపు సొమ్ముకు అమ్మే ‘ఎక్స్‌టెండెడ్’ వారంటీ చాలా సందర్భాల్లో తొట్టె అడుగు భాగాన్నే, అంటే వస్తువు ఎటూ చెడని కాలాన్నే కప్పుతుంది. ఫ్రిజ్ తలుపుమీద పెద్దక్షరాలతో అంటించిన పదేళ్ల వారంటీ సాధారణంగా కంప్రెసరుకే పరిమితం. తరచు పోయే బోర్డు, థర్మోస్టాట్, గ్యాసు అందులో చేరవు.

కార్ల చరిత్ర మరమ్మతు విలువను మరో కోణంలో చూపిస్తుంది. పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ చెడని కారు కాదు. ఏ ఊళ్లో ఆగినా రెంచీ పట్టుకున్న మెకానిక్ దొరికే కారు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 అసలు తక్కువగా చెడే కారును మధ్యతరగతికి పరిచయం చేసి, ఆ పైన దేశమంతటా సర్వీసు కేంద్రాలను అల్లింది. రెండింటి ఉత్పత్తీ 2014లోనే ఆగిపోయింది. లక్ష రూపాయల కారుగా 2009లో మార్కెట్లోకి వచ్చిన నానోకు మాత్రం ధరే బరువైంది. కొన్ని కార్లలో మంటలు లేచిన ఉదంతాలు వెలువడ్డాక, చవకతనమే అనుమానానికి ఆధారమైపోయింది.

సరుకు లోపలి సంగతి అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో పాతకార్ల ఉదాహరణతోనే విశ్లేషించాడు. కొనేవాడు లోపాన్ని అనుమానించి సగటు ధరే ఇస్తాడు, మంచి కారున్నవాడు ఆ ధరకు అమ్మక తప్పుకుంటాడు, చివరకు సంతలో నాసిరకం బళ్లే మిగులుతాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో కలిపి తెచ్చిపెట్టిన ఈ ఆలోచన ప్రకారం, సర్వీసు రికార్డు, నమ్మకమైన మెకానిక్ చేత చేయించే పరీక్ష అన్నవి వట్టి లాంఛనాలు కావు. వాటికి పెట్టే వెయ్యి, రెండు వేలు కారు ధరలో భాగమే.

పనిముట్ల విషయంలో పెద్ద చర్చ అనవసరం. ఏడాదికి నాలుగు మేకులకు గోడ తొలిచే ఇంట్లో చవక డ్రిల్లింగ్ మిషను చాలు; అదే మిషను పని మధ్యలో ఆగితే రోజుకూలీ పోగొట్టుకునే వడ్రంగికి మాత్రం కార్బన్ బ్రష్‌లు సులువుగా దొరికే ఖరీదైన మిషనే నిజానికి చవక.

ఇంత లెక్క కొనేవాడే కట్టుకోవలసి రావడానికి కారణం, వస్తువు మీద ఆ సమాచారం లేకపోవడం. ఫ్రాన్స్ 2021 జనవరిలో స్మార్ట్‌ఫోన్లు, టీవీలు, వాషింగ్ మెషిన్ల వంటి వాటిపై పదికి ఎన్ని మార్కులో తెలిపే మరమ్మతు సూచికను తప్పనిసరి చేసింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నవి అందులో లెక్కకు వచ్చాయి. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై నియమించిన కమిటీ పరిధిలో ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలతోపాటు వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ప్రస్తుతానికి పంపుసెట్టుపై అంటించే నక్షత్రాలు అది కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతాయే తప్ప, వోల్టేజీ పడిపోయిన రాత్రి ఎంతసేపు తట్టుకుంటుందో చెప్పవు. ఆ సంగతి తెలుసుకోవడానికి రైతు నేటికీ వైండింగ్ షాపుకే వెళ్తున్నాడు, ఏ కంపెనీ మోటార్లు అక్కడ ఎక్కువగా విప్పి పడి ఉన్నాయో చూసి వస్తున్నాడు.