పిల్లలమర్రి శాసనాలు: ఒక సరిహద్దు సీమ కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నేల రెండు ప్రాంతముల నడుమ నున్నది. పడమర తెలంగాణ పీఠభూమి, తూర్పున కృష్ణా మైదానము. దక్షిణమున కృష్ణానది, వాడపల్లి వద్ద మూసీ అందులో కలియుచున్నది. కోస్తాకు పోవు దారి ఈ సీమ మీదుగానే సాగినది. కనుక ఇది తరచు రాజ్యములకు సరిహద్దయినది.

పదకొండవ శతాబ్దిలో పడమటి నుండి కల్యాణి చాళుక్యుల అధికారము, తూర్పున వేంగి రాజ్యము ఇక్కడికి సమీపించినవి. రాజధానులు దూరము. అందుచేత అసలు పాలన స్థానిక సామంతుల చేతిలో ఉండెను. పానగల్లున కందూరు చోడులు, ఆమనగల్లు, పిల్లలమర్రి ప్రాంతములలో రేచెర్ల వారు అట్టివారు. కల్యాణి బలము క్షీణించగా కాకతీయ రుద్రదేవుడు స్వతంత్రుడయ్యెను. 1163 నాటి హనుమకొండ శాసనము దీనిని తెలుపుచున్నది. రేచెర్లవారు కాకతీయుల పక్షమున నిలిచిరి.

ఈ సంగతులు మనకెట్లు తెలిసినవి? ముఖ్యముగా రాతి శాసనముల వలన. సూర్యాపేట సమీపమున పిల్లలమర్రిలో 1195, 1208 సంవత్సరముల శాసనములున్నవి. బేతిరెడ్డి భార్య ఎరకసాని ఎరకేశ్వరాలయమును 1208లో కట్టించెను. ఆ శాసనములో ఉన్నది శకవర్షము 1130. దానికి 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును. శకవర్షము చైత్రముతో మొదలగును గనుక, జనవరి నుండి ఆ సంవత్సరాంతము వరకు గల తిథులకు 79 కలుపవలెను.

సామంతుల బలమునకు కత్తి ఒక్కటే ఆధారము కాదు. ఈ సీమలో చాల భాగము గట్టిరాతి నేల. వాననీరు లోతునకు ఇంకదు. పల్లమునకు అడ్డముగా కట్ట వేసిననే నీరు నిలుచును, వరి పండును. చెరువు త్రవ్వించి, గుడి కట్టించి, ఊరు నిలిపినవాడే నేలను నిలుపుకొనెను. గణపతిదేవుడు యాదవులకు బందీయైనప్పుడు కాకతీయ రాజ్యమును కాపాడినవాడు ఇదే వంశపు రేచెర్ల రుద్రుడు. 1213 నాటి రామప్ప గుడి ఆయనదే.

ఆ తరువాతను ఈ సీమకు సరిహద్దు తప్పలేదు. నిజాం రాజ్యమునకు, మద్రాసు రాష్ట్రమునకు మధ్య గీత కోదాడకు తూర్పుననే ఉండెను. 1956లో అది చెరిగి, 2014లో రాష్ట్రముల సరిహద్దుగా మరల ఏర్పడినది.

కాగితముపై గీత మారుచుండును. రాతిపై అక్షరము పోయినచో మరల రాదు. ఊరి గుడిలోగాని, చెరువు కట్టపైగాని అక్షరములున్న రాయి కనబడిన దానికి సున్నము పూయనీయక, ఉపాధ్యాయుల ద్వారా పురావస్తు శాఖకు తెలుపవలెను.